ఇంగ్లండులోని పూర్వపు మిల్లుపల్లెలు: ప్రార్థనాలయములు, పరిశ్రమ, ప్రజలు

పడుగును పేకయు కలిసినగాని వస్త్రము కానేరదు. ఒక జాతి చరిత్రము పడుగైనచో, దానితో పెనవైచుకొన్న పరజాతి చరిత్రము పేక యగుచుండును. మన పద్మశాలీయుల కులవృత్తి క్షీణించిన విధమును గూర్చి ఇట్టి మహాసభలలో పలుమారు చర్చించియున్నాము. కాని మన మగ్గములను మూలబెట్టించిన సీమనూలును, సీమగుడ్డయు ఎచ్చట పుట్టినవో, వానిని పుట్టించిన జనులెవ్వరో, వారెట్లు బ్రదికిరో, తుదకు వారి గతి యేమయ్యెనో అరసి చూచినవారు మనలో కొలదిమందియే.

మా తాతగారి పూజామందిరమున లక్ష్మీదేవి బొమ్మ యొకటి యుండెడిది. రంగులు చెదరని చక్కని బొమ్మ. అది మాంచెస్టరు గుడ్డ తానుమీద అంటించి పంపిన చీటీ యని వారు చెప్పిననాడు నాకు కలిగిన యాశ్చర్యమును నేటికిని మరువలేదు. మన దేవతను మనకే యమ్మినవారి యూళ్లలో దేవుడెట్టి గుడిలో నుండెనో, ఆ గుడి నెవరు కట్టించిరో తెలిసికొనవలెనను కోరిక ఆనాడే పుట్టినది. ఈ వ్యాసము దాని ఫలము.

ముందుగా పూర్వకథ కొంత చెప్పవలెను. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్టణమున వర్తకశాలను స్థాపించిరి. మన తీరపు అద్దకపు బట్టలు, సన్నని తెల్లబట్టలు వారి దేశమునకు ఓడలపై పోయెను. నరసాపురమును చేరియున్న మాధవాయపాలెమునుండి పోయిన బట్టకు ఆ యూరిపేరే నిలిచి, ‘మాడపొల్లం’ అను రూపమున నేటికిని ఇంగ్లీషు నిఘంటువులలో కానవచ్చుచున్నది. అచ్చటి ఉన్ని, పట్టు నేతగాండ్రు ఈ బట్టల ధాటికి తాళలేక మొఱపెట్టుకొనగా, ఆ దేశపు పార్లమెంటు 1700లో ఒక శాసనమును, 1721లో అంతకంటె కఠినమైన మఱియొక శాసనమును చేసి, అద్దకపు నూలుబట్టల ధారణమునే నిషేధించెను. అనగా, మన కష్టమును వారు మనకంటె ముందే అనుభవించిరి. 1774లో ఇంగ్లండులోనే తయారైన నూలుబట్టలకు ఆ నిషేధము తొలగింపబడెను. అందులకై పాటుపడినవారిలో ముఖ్యుడు రిచర్డు ఆర్క్‌రైటు. మిల్లుపల్లెల కథ యీయనతోనే మొదలగును.

ఆర్క్‌రైటు 1732లో ప్రెస్టను పట్టణమున ఒక దర్జీ యింట పుట్టెను. క్షురకవృత్తి చేసి, కృత్రిమకేశములు కట్టి యమ్మి జీవించెను. 1769లో ఉరుళ్లనడుమ ఏకులను సాగదీసి నూలు వడకు యంత్రమునకు హక్కుపత్రము పొందెను. అంతకు పూర్వము ఇంగ్లండులో వడకిన ప్రత్తినూలు పడుగునకు చాలినంత గట్టిగా నుండకపోవుటచే, పడుగునకు నారనూలు పోసి ప్రత్తినూలు పేకగా వాడెడివారు. ఈ యంత్రమునుండి వచ్చిన నూలు పడుగునకు నిలిచెను. మగ్గమెరిగిన మనకు ఈ యొక్క మాటయొక్క బరువు వేరుగా చెప్పనక్కరలేదు.

యంత్రమును త్రిప్పుటకు నీరు కావలెను. అందుచే 1771లో డెర్బీషైరు మండలములోని క్రామ్‌ఫర్డు అను కొండపల్లెలో ఆయన మిల్లు కట్టెను. సీసపుగనులనుండి కాలువగుండ వచ్చు నీరు అచ్చట శీతకాలమునను గడ్డకట్టెడిది కాదు. నీరున్నచోట మనుష్యులు లేరు. కావున పెద్ద కుటుంబములు గల నేతవారిని రప్పించి, 1776–77లలో నార్త్ స్ట్రీటు అను వీథిలో వారికి మూడంతస్తుల యిండ్లు కట్టించెను. పై యంతస్తునకు వెలుతురుకై పొడవైన కిటికీలుండెను. ఇంటి యజమాని అచ్చట నేతపని చేయుచుండగా ఆలుబిడ్డలు మిల్లునకు పోయి నూలు వడకెడివారు. ఏడెనిమిదేండ్ల పసివారును అందులో నుండిరి. పగలొక జట్టు, రాత్రి యొక జట్టుగా పని సాగెడిది. నేతవాని యింటినే మిల్లు రెండుగా చీల్చిన విధమును ఈ వీథి యిప్పటికిని కన్నులకు కట్టినట్లు చూపుచున్నది. ఆర్క్‌రైటు తన మేడ చెంత ఒక చర్చిని కట్టింప మొదలిడి, అది ముగియకమునుపే 1792లో మరణించెను. కుమారుడు దానిని పూర్తిచేయగా 1797లో ప్రార్థనలు ఆరంభమయ్యెను. ఆర్క్‌రైటు దేహము అందే విశ్రమించియున్నది.

రెండవ యుదాహరణము చెషైరులోని స్టయల్. అచ్చట బాలిన్ నదీతీరమున శామ్యూల్ గ్రెగ్గు 1784లో క్వారీ బ్యాంకు మిల్లును స్థాపించెను. 1790లో అప్రెంటిసు పిల్లలకొక యిల్లు కట్టించెను. బీదల యాశ్రమములనుండి తెచ్చిన బాలబాలికలు తొంబదిమంది వరకు అందుండి, కూడు గుడ్డల కొఱకు పనిచేయుచుండిరి. వారికి వైద్యుడుండెను, చదువు కొంత చెప్పబడెడిది, ఆదివారము చర్చికి పంపెడివారు. ఆ కాలపు మిల్లులలో ఇది మేలైనదని చెప్పుదురు. అట్లయ్యు 1806లో జోసెఫ్ సెఫ్టను, థామస్ ప్రీస్ట్‌లీ అను నిద్దరు బాలురు పారిపోయి, కాలినడకన లండనునకు చేరిరి. న్యాయాధికారి యెదుట వారిచ్చిన వాఙ్మూలము నేటికిని నిలిచియున్నది. తిండి చాలలేదని వారు నేరము మోపలేదు. థామసు చేతివ్రేలు యంత్రములో పడి పోయెను. అతడు కోరినది తల్లిని చూడవలెనని మాత్రమే. అన్నము పెట్టి, బట్ట యిచ్చి, బడి నడిపిన యజమాని ఇయ్యలేనిది ఒకటి కలదని యా పదుమూడేండ్ల బాలుడు లోకమునకు తెలిపినాడు.

గ్రెగ్గు కుటుంబమునకు పశ్చిమ ద్వీపములలోని డొమినికాలో బానిసలు పనిచేసిన తోట యుండెననియు, ఆ కాలపు లంకాషైరు మిల్లులు తిన్న ప్రత్తిలో అమెరికా బానిసలు పండించినది మిక్కిలి హెచ్చనియు మరువరాదు. మనలను దెబ్బకొట్టిన నూలుపోగు అంతకుముందే మఱియొక జాతి వీపుమీదుగా వచ్చినది.

స్టయల్ పల్లెలో రెండు ప్రార్థనాలయములు గలవు. నార్‌క్లిఫ్ చాపెలు తొలుత బాప్టిస్టులది. 1833లో గ్రెగ్గు కుటుంబమువారు మన్నించు యూనిటేరియను మతమునకు మారెను. రెండవది ధాన్యపుకొట్టు, దానిని మెథడిస్టులు ప్రార్థనాలయముగా మార్చుకొనిరి. యజమాని అనుగ్రహమున నిలిచినది ఒకటి, కూలివారు కూడుకొన్నది ఒకటి. ఈ భేదము ముందు చెప్పబోవు దానికి ఆధారము.

మిల్లుపల్లెలలో మిక్కిలి కీర్తిగాంచినది యార్కుషైరులోని సాల్టేరు. బ్రాడ్‌ఫర్డు నగరము పొగతోను, మురికితోను, రోగములతోను క్రిక్కిరిసియుండగా, ఉన్నిబట్టల వ్యాపారి టైటస్ సాల్టు ఊరివెలుపల, ఏరు నది యొడ్డున, 1853 సెప్టెంబరు 20వ తేదీన తన యేబదవ జన్మదినమున క్రొత్తమిల్లు తెరచెను. ఆల్పాకా యను జంతువుయొక్క బొచ్చుతో నేసిన బట్టలు ఆయనకు ఐశ్వర్యము తెచ్చిపెట్టెను. తన పేరును నదిపేరును కలిపి ఊరికి పేరిడెను. ఎనిమిది వందలకు పైగా రాతియిండ్లు, ఆసుపత్రి, బడులు, వృద్ధులకు ఉచితగృహములు, గ్రంథాలయముతో కూడిన విద్యాభవనము, ఉద్యానము క్రమముగా నేర్పడెను. మద్యశాల మాత్రము లేదు, ఆయన ఉండనీయలేదు. వీథులకు తన భార్యాబిడ్డల పేర్లు పెట్టెను. మిల్లుద్వారమున కెదురుగ 1859లో కాంగ్రిగేషనల్ చర్చి వెలసినది. గుండ్రని గోపురము, స్తంభముల వరుస గల ఆ భవనమును చూచినవారు ఇది కూలివారి గుడియా యని విస్తుపోవుదురు. 1876లో సాల్టు మరణించినపుడు శవయాత్రను చూచుటకు దారిపొడవున లక్షమంది నిలిచిరని చెప్పుదురు. ఆయన ఆ చర్చి ప్రక్కనే సమాధి చేయబడెను.

ఇట్టి దాతను నిందింప నెవరికి నోరాడును? నాకును ఆడదు. కాని ఆ యూరి పౌరుని దినచర్యను తలపుడు. అతని కూలి సాల్టుది, ఇల్లు సాల్టుది, బిడ్డ చదువు బడి సాల్టుది, ఆదివారము కూర్చుండు పీట సాల్టు కట్టించినది. పని పోయిన దినమున ఇల్లును పోవలసినదే. దాత మరణించిన పదునారేండ్లకే, 1892లో, ఆయన కుటుంబపు సంస్థ దివాలా తీసి పరుల చేతులలో పడెను. 1933లో ఇండ్లన్నియు ఒక గృహవ్యాపార సంస్థకు అమ్మబడెను. ఊరిజనులు తాము నిర్ణయింపని నిర్ణయములకు లోబడియుండిరి.

ఆ దోషమును ఆ కాలముననే యొకడు గుర్తించెను. హాలిఫాక్సు పట్టణమున ఎడ్వర్డు ఎక్రాయిడు కాప్లీ, ఎక్రాయిడన్ అను రెండు మిల్లుపల్లెలు నిర్మించెను. ఎక్రాయిడన్‌లో ఇండ్లను అద్దెకిచ్చుటకు మారుగా, గృహనిర్మాణ సంఘము ద్వారా అప్పు దొరకునట్లు ఏర్పాటుచేసి, పనివారే కొనుక్కొనునట్లు చేసెను. చర్చి విషయమున మాత్రము ఆయనయు పరుల వలెనే చేసెను. ప్రసిద్ధశిల్పి జార్జి గిల్బర్టు స్కాటుచేత ‘ఆల్ సోల్స్’ అను మహాలయమును కట్టించి 1859లో తెరపించెను. 1887లో ఆయన ధనహీనుడై మరణించెను. చర్చిలో నేడు నిత్యప్రార్థనలు లేవు. పాడుపడిన చర్చిలను కాపాడు నిధివారు దానిని రక్షించుచున్నారు. కాప్లీలోని చర్చియు వారి పాలనలోనే యున్నది. ఇండ్లలో మాత్రము దీపములు వెలుగుచునే యున్నవి.

ఈ సందర్భమున ఇంగ్లండులోని చేనేతవారిని తలపకున్న న్యాయము కాదు. 1820 ప్రాంతమున వారు రెండు లక్షలకు పైబడియుండిరి. మరమగ్గము వ్యాపించిన కొలదిని కూలి తగ్గి, ఒక తరములో ఆ వృత్తియే మాసిపోయెను. మన తాతలు పడిన యాకలిని వారును పడిరి. అయినను వారిలో కొందరు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. రాచ్‌డేలు పట్టణమున నేతవారు పలువురు చేరిన ఇరువదియెనమండుగురు పనివారు, వారమునకు కొన్ని పెన్నీలు కూడబెట్టి, 28 పౌనుల మూలధనముతో 1844 డిసెంబరు 21వ తేదీన ఒక చిన్న దుకాణము తెరచిరి. పిండి, వెన్న, చక్కెర, క్రొవ్వొత్తులు, ఇంతియే సరకు. లోకమందలి సహకారోద్యమమునకు ఆ యంగడియే ఆదర్శమైనది. మన గ్రామములలోని చేనేత సహకారసంఘములు ఆ మాను కొమ్మలే.

తరువాతికథ సంగ్రహముగా చెప్పెదను. మొదటి ప్రపంచయుద్ధమునకు పిమ్మట లంకాషైరు గుడ్డకు గిరాకి తగ్గెను. జపానుపోటీయు, మనదేశపు మిల్లులును, సుంకములును, స్వదేశీవ్రతమును అందుకు కారణములు. 1931 సెప్టెంబరులో గాంధీమహాత్ముడు లంకాషైరునకు పోయి, డార్వెను పట్టణమున పనివారి నడుమ నిలిచెను. తమ పొట్టకొట్టిన బహిష్కారమునకు నాయకుడైన ఆయనను చూచి మిల్లుస్త్రీలు జయజయధ్వానములు చేసిరి. వారు ఆయన చుట్టునుజేరి చేతులెత్తి నవ్వుచున్న ఛాయాచిత్రము ప్రసిద్ధము. అచ్చట నిరుద్యోగులు గలరు గాని, మన పల్లెలలో సంవత్సరమున సగము కాలము పనిలేక యుండువారు అంతకు ఎన్నో మడుంగులని ఆయన వారికి మృదువుగా చెప్పెను. పడుగునకును పేకకును వైరము లేదని ఆ దినమున తేలినది.

క్వారీ బ్యాంకులో వ్యాపారపు నేత 1959లో ఆగిపోయెను. సాల్టు మిల్లు 1986లో మూతపడి, మఱుసటి సంవత్సరమే ఒక వర్తకునిచే కొనబడి చిత్రశాలగా మారెను. 2001లో సాల్టేరును, క్రామ్‌ఫర్డు చేరిన డెర్వెంటు లోయయు ప్రపంచ వారసత్వస్థలములుగా గుర్తింపబడెను. నేడు ఆ యిండ్లలో నుండువారికి మిల్లుతో సంబంధము లేదు. వేరువేరు ఉద్యోగములు చేసికొనుచు, రాతిగోడల యందమునకై కొని కాపురముందురు. సాల్టేరు చర్చిలో ప్రార్థనలు జరుగుచున్నవి. దానిని నిలుపుచున్నది సాల్టు సొత్తు కాదు, కూడివచ్చు జనుల శ్రద్ధ.

మహాశయులారా, ఈ చరిత్రమునుండి నేను గ్రహించినది ఒక్కటే. దాత కట్టించిన భవనము దాత యాయువుతో కొలువబడును. జనులు తమ చేతులలోనికి తీసికొన్నది తరతరములు నిలుచును. మన కులమున దాతలు కొఱవడలేదు. వసతిగృహములు, సత్రములు, భావనారాయణస్వామి గుళ్లు పెక్కు వారి ఔదార్యమున వెలసినవి. వారి పేర్లు రాళ్లపై చెక్కుట ధర్మమే. కాని రాతిపై పేరున్నంత మాత్రమున తలుపు తాళము వారి యింటనే యుండరాదు. దాతలకు నా సవినయ విన్నపము: మీరిచ్చినదానిని సంఘమునకు నిజముగా ఇచ్చివేయుడు. లెక్కలు ఏటేట సభలో చదివింపుడు. వసతిగృహపు పాలకవర్గమున అందు చదివి వృద్ధిలోనికి వచ్చినవారికి చోటిండు. సభ్యులకు మఱియొక విన్నపము: దాతయున్నాడని మీ చందా మానకుడు. ఇంటి కొక్క రూపాయి యైనను, ఇచ్చినవానికే ‘ఇది నాది’ యను మాట నోటికి వచ్చును.

మా తాతగారి లక్ష్మీదేవి బొమ్మ యిప్పుడు మా యింట నున్నది. దానిని తీసివేయలేదు. దాని ప్రక్కన, మన సహకారసంఘపు నేతవాడొకడు నేసి తెచ్చిన చేరెడు గుడ్డముక్కను పెట్టితిని. సాయంకాలము దీపము రెంటికిని సమముగానే వెలుగు నిచ్చుచున్నది.