రాజుగారి సగం, రాకెట్ల సగం

తిరువనంతపురంలో నేనెక్కిన టూర్ వ్యాన్ రోజుని రెండు ముక్కలుగా కోసింది. పొద్దున పద్మనాభస్వామి గుడి, కుదిరమాళిక, నేపియర్ మ్యూజియం. ఇది రాజుగారి సగం. భోజనాలయ్యాక తుంబాలో స్పేస్ మ్యూజియం, చీకటిపడే వేళకి కోవళం. ఇది రాకెట్ల సగం. గైడు కూడా మధ్యాహ్నం నుంచి గొంతు మార్చాడు. పొద్దుటి గొంతులో భక్తి, మధ్యాహ్నం గొంతులో దేశభక్తి. రెండింటికీ మధ్య భోజనం తప్ప ఇంకేమీ లేనట్టు.

నాకైతే ఆ రోజంతా ఒకటే కథ విన్నట్టుంది. ఎవరు ఎవరికి నేలనిచ్చారు, ఇచ్చినట్టు ఎవరి పేరు రాసుకున్నారు అన్న కథ.

గుడి దగ్గర మొదలుపెడతాను. పద్మనాభుణ్ణి ఒక్క చూపులో చూడలేం. పద్దెనిమిది అడుగుల శేషశయన మూర్తి. మూడు ద్వారాల్లోంచి మూడు ముక్కలుగా చూడాలి: ఒకదాంట్లో ముఖం, ఒకదాంట్లో నాభికమలం, ఒకదాంట్లో పాదాలు. మగవాళ్ళు చొక్కా విప్పి ముండు కట్టుకోవాలి. ఫోన్లు బయటే. 2011లో నేలమాళిగలు తెరిచిన దగ్గర్నుంచి ఇక్కడికొచ్చే ప్రతివాడికీ బంగారం సంగతే కావాలి, మా వ్యాన్లోనూ అదే గోల. తెరవని బీ గది గురించి గైడుకి తయారుగా ఒక జోకు కూడా ఉంది. కానీ ఈ గుడిలో జరిగిన అసలు విచిత్రం బంగారం కాదు. 1750 జనవరిలో మార్తాండవర్మ తన రాజ్యం మొత్తాన్ని దేవుడి పేర రాసిచ్చాడు. త్రిప్పడిదానం అంటారు. అప్పట్నుంచి తిరువాన్కూరు రాజులు రాజులు కారు, పద్మనాభదాసులు. దేవుడి తరఫున రాజ్యాన్ని చూసుకునే ఏజెంట్లన్నమాట. భక్తి ఉంటే ఉండవచ్చు, తెలివి మాత్రం కచ్చితంగా ఉంది. కత్తి పట్టి చుట్టుపక్కల సంస్థానాలు ఒక్కొక్కటే మింగినవాడు, మింగినదంతా దేవుడికి రాసిచ్చాక ఇక ఆ రాజ్యం మీద తిరగబడటమంటే దేవుడి మీద తిరగబడటమే.

రాజు రాసిచ్చిన నేలలో మనుషులున్నారు. వాళ్ళనెవరూ అడగలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, మధ్యాహ్నం పనికొస్తుంది.

గుడి పక్కనే కుదిరమాళిక. చూరు కింద వరసగా చెక్కిన 122 చెక్క గుర్రాల వల్ల ఆ పేరు. కట్టించింది స్వాతి తిరునాళ్. మనకి ఆయన కచేరీల్లో వినిపించే పేరు. సంస్కృతం, మలయాళం, హిందుస్తానీలతోపాటు తెలుగులో కూడా కీర్తనలు కట్టాడు. బతికింది ముప్పైమూడేళ్ళే (1813-1846). గైడు సంగీతం గురించి బాగా చెప్పాడు, పాపం. కానీ ఈ రాజే 1837లో ఒక అబ్జర్వేటరీ కట్టించాడని చెప్పలేదు. ఊళ్ళోనే ఒక గుట్టమీద ఉంది అది. వ్యాన్ ఆ పక్కకి తిరగలేదు. ఈ టూర్ రూపొందించిన వాళ్ళ మీద నాకున్న ఒకే ఒక్క ఫిర్యాదు ఇది. ఎందుకంటే పొద్దుటి సగాన్నీ మధ్యాహ్నం సగాన్నీ కలిపే కీలు ఆ గుట్టమీదే ఉంది.

అబ్జర్వేటరీకి మొదటి డైరెక్టరు జాన్ కాల్డికాట్. అలెప్పీలో వ్యాపార ఏజెంటుగా ఉంటూ నక్షత్రాల పిచ్చి పట్టినవాడు. ఆ రోజుల్లో యూరప్‌లో ఇంకో పిచ్చి నడుస్తోంది: భూమి అయస్కాంతాన్ని కొలవడం. టొరంటో, సెయింట్ హెలీనా, కేప్, హోబర్ట్... ఎక్కడ పడితే అక్కడ బ్రిటిష్ వాళ్ళు సూదులు వేలాడదీసి గంట గంటకీ లెక్కలు రాయిస్తున్నారు. తిరువనంతపురం ఆ వరసలో చేరింది, కాకపోతే ఇక్కడ ఖర్చు రాజుది. 1852లో జాన్ అలన్ బ్రౌన్ అనే స్కాట్లండ్ వాడు వచ్చి ఈ పనిని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. స్థానికులకి శిక్షణ ఇచ్చి రాత్రింబవళ్ళు కొలతలు తీయించాడు. అది చాలదని అగస్త్యమల మీద, 6,000 అడుగులు దాటిన ఎత్తులో, ఇంకో అబ్జర్వేటరీ పెట్టాడు. పరికరాలు మోసుకుంటూ ఆ అడవిలో కొండెక్కినవాళ్ళూ, చలికి వణుకుతూ సూది కదలికలు రాసినవాళ్ళూ స్థానికులే. పుస్తకం మీద పేరు బ్రౌన్‌ది. మేం చూసిన నేపియర్ మ్యూజియానికి ముందు అదే చోట ఉన్న పాత మ్యూజియం వెనక కూడా ఈయనే ఉన్నాడు. ఇప్పుడున్న రంగురంగుల భవనం చిషోమ్ కట్టింది, 1880లో పూర్తయింది. బాగుంటుంది, ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది. అంతకన్నా చెప్పడానికి నాకేం లేదు.

ఇంత దూరం వచ్చి ఇక్కడే సూదులెందుకు వేలాడదీశారు? అయస్కాంతపు సూదిని నిలువుగా ఊగేలా పెడితే ఉత్తరాన ఒకవైపు, దక్షిణాన ఇంకోవైపు తల వంచుతుంది. మధ్యలో ఎక్కడో ఒక గీత మీద ఎటూ వంగకుండా అడ్డంగా నిలబడుతుంది. అది అయస్కాంత భూమధ్యరేఖ. మ్యాపులో ఉండే మామూలు భూమధ్యరేఖకీ దీనికీ పొంతన ఉండదు, పైగా ఇది ఏళ్ళ తరబడి మెల్లగా జరుగుతుంటుంది కూడా. తిరువనంతపురం ఈ గీతకి దగ్గర. ఇరవయ్యో శతాబ్దంలో తెలిసిందేమిటంటే, పగటిపూట ఈ గీతకి పైన, నేలకి దాదాపు వంద కిలోమీటర్ల ఎత్తున, ఒక విద్యుత్ ప్రవాహం నదిలా పారుతుంటుంది. దాన్ని దగ్గరగా కొలవాలంటే బెలూన్లు అంత ఎత్తుకి పోవు. ఉపగ్రహాలు అంత కిందకి దిగలేవు. ఉన్న దారి ఒక్కటే, కిందనుంచి చిన్న రాకెట్ వదలడం. బ్రౌన్ సూదులు తెలిపిన విషయానికి నూరేళ్ళ తర్వాత విక్రమ్ సారాభాయ్ రాకెట్లు పెట్టాడు. రాజుగారి కథా రాకెట్ల కథా ఒక గీత మీద ఉన్నాయని నేననేది ఇందుకే.

ఇక తుంబా. 1962లో సారాభాయ్ బృందం తీరం వెంబడి చోట్లు చూసి ఈ చేపల పల్లెను ఎంచుకుంది. ఎంచుకున్న స్థలం నడిబొడ్డున సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చి ఉంది. తర్వాతి కథ కలాం తన పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో చాలాసార్లు చెప్పారు. సారాభాయ్ బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరాని కలిశారు, బిషప్ ఆదివారం రమ్మన్నారు, ప్రార్థన అయ్యాక జనాన్ని అడిగారు, జనం ‘ఆమెన్’ అన్నారు. కలాం ఆత్మకథను తెలుగులో వాడ్రేవు చినవీరభద్రుడి అనువాదంలో చదివిన తరం మనది, కాబట్టి ఈ మనుషులూ ఈ ఊరూ చాలామందికి కొత్త కాదు. గైడు చెప్పేటప్పుడు వ్యాన్లో వెనక సీటు కుర్రాడు ఒకడు అతనికన్నా ముందే ‘ఆమెన్’ అనేశాడు. అంత పాతబడిపోయింది కథ.

అయినా చర్చి లోపలికి అడుగుపెడితే ఒళ్ళు ఝల్లుమంటుంది, అబద్ధమెందుకు. ప్రార్థన కోసం కట్టిన హాల్లో రాకెట్ల నమూనాలు. మొదట్లో ఇక్కడే పావురాల మధ్య కూర్చుని పరికరాలు బిగించుకున్నారు. బిషప్ ఇల్లు ఆఫీసయింది. కుర్ర ఇంజనీర్లు పొద్దున్నే రైల్వేస్టేషన్ క్యాంటీన్లో టిఫిన్ తినేసి, మధ్యాహ్నానికి పొట్లం కట్టించుకుని బస్సులో వచ్చేవాళ్ళు. 1963 నవంబర్ 21 సాయంత్రం వదిలిన మొదటి రాకెట్ నైకీ-అపాచీ. రాకెట్ అమెరికాది, లోపలి సోడియం ఆవిరి పరికరం ఫ్రాన్స్‌ది. తర్వాత రష్యా నుంచి హెలికాప్టరూ మిన్‌స్క్ కంప్యూటరూ వచ్చాయి. ప్రచ్ఛన్నయుద్ధం పతాకస్థాయిలో ఉండగా రెండు శిబిరాల సామానూ ఒకే పల్లెలో పక్కపక్కన ఉన్నాయి. ఆ సాయంత్రం క్రేన్‌లో హైడ్రాలిక్ లీకైతే రాకెట్‌ని చేతుల బలంతో సర్దారట. చివరికి లేచింది. సంధ్యలో ఆకాశం మీద నారింజరంగు మేఘం సాగింది. ఏం జరుగుతోందో ముందే తెలిసినవాళ్ళు ఆ తీరంలో ఎందరుంటారు?

మ్యూజియంలో అందరూ ఫొటో తీసుకునేది సైకిల్ బొమ్మ దగ్గర. రాకెట్ ముక్కుభాగాన్ని సైకిల్ క్యారియర్ మీద పెట్టుకుని తోసుకెళ్తున్న ఇద్దరు. 1966లో కార్టియే-బ్రెసాన్ తీసినదని ప్రసిద్ధి. దీనికి తోడుగా వాట్సాప్‌లో తిరిగే ఇంకోటి, ఎడ్లబండి మీద యాపిల్ ఉపగ్రహం. రెండింటినీ కలిపేసి ‘పేద దేశం, పెద్ద కల’ అని రాసేస్తారు. ఎడ్లబండి పేదరికం కాదు. 1981లో బెంగళూరులో యాంటెన్నా పరీక్షకి చుట్టూ లోహం ఉండకూడదు, అందుకే చెక్కబండి. అదొక ఇంజనీరింగ్ నిర్ణయం. పేదరికాన్ని అందంగా చూపే ఫొటో దొరికితే మనం ఇక కారణాలు అడగం.

మా పిన్ని మాత్రం అడిగింది. మేం నెల్లూరు వైపువాళ్ళం. గైడు ‘ఆమెన్’ దగ్గర ఆగి చప్పట్లకోసం చూస్తుంటే, నా చెవిలో అంది: “అది సరేరా, మరి ఆ ఊరోళ్ళంతా యాడికి పోయినారంట?” నేను ఇంగ్లిష్‌లో అడిగాను. “పక్కనే కొత్త ఊరు కట్టిచ్చారు సార్, కొత్త చర్చి, స్కూలు కూడా,” అన్నాడు. నిజమే. పళ్ళిత్తుర పల్లెలో కొత్త మాగ్దలీన్ చర్చి ఉంది. పిన్ని తలూపింది కానీ తృప్తిపడలేదు. “సముద్రం కూడా కట్టిచ్చినారా?” అంది. దీన్ని నేను అనువాదం చెయ్యలేదు.

చేపలు పట్టేవాడికి ఇల్లంటే గోడలు కావు. పడవ ఎక్కడ లాగాలో, వల ఎక్కడ ఆరెయ్యాలో, ఏ గాలికి ఏ వైపు అల లేస్తుందో తెలిసిన ఒక తీరం ముక్క. ఈ తీరంలో ముక్కువలు క్రైస్తవులైంది 1544లో. ఒక్క నెలలో పదివేలమందికి బాప్తిస్మం ఇచ్చానని ఫ్రాన్సిస్ జేవియర్ తన ఉత్తరంలో రాసుకున్నాడు. అంటే తుంబాలో రాకెట్ వచ్చేనాటికి ఆ మతం, ఆ తీరం నాలుగు వందల ఏళ్ళుగా కలిసి ఉన్నాయి. ఆ ఆదివారం ‘ఆమెన్’ అన్నది వీళ్ళ మునిమనవలు. భూమి పని కలెక్టర్ మాధవన్ నాయర్ చూశారు, అడిగింది సారాభాయ్, ఒప్పించింది బిషప్. పెద్దవాళ్ళ పేర్లన్నీ కథలో ఉన్నాయి. ఊరి తరఫున ఒక్క పేరు లేదు, ఒక్క పదమే ఉంది. 1750లో రాజు దేశాన్ని దేవుడికిచ్చాడు, 1962లో దేవుడి ఇల్లు దేశానికిచ్చారు అని చెప్తే వినడానికి చాలా బాగుంటుంది. నాకూ వ్యాన్లో ఆ వాక్యం తట్టి సంబరపడ్డాను. కానీ రెండుసార్లూ నేల మీద ఉన్నవాళ్ళు వాక్యానికి బయటే ఉన్నారు. తుంబాలో కనీసం అడిగారు, అది తక్కువేం కాదు.

శ్రీహరికోటలో ఆ పదం కూడా దొరకదు. తుంబా చిన్నది. పెద్ద రాకెట్లకి తూర్పు తీరం కావాలి, భూమి తిరిగే దిశలో వదిలితే వేగం కలిసొస్తుంది. 1969లో చోటు ఖాయం చేశారు, 1971 అక్టోబరు 9న మొదటి ఆర్‌హెచ్-125 ఎగిరింది. ఆ దీవి అడవిలో యానాదులుండేవాళ్ళు. తేనె, దుంపలు, మూలికలు. అక్కడి కట్టెలు బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు పొయ్యిల్లోకి వెళ్ళేవి, ఆ కట్టెలు కొట్టిందీ వాళ్ళే. దీవి ఖాళీ చేయించారు. మేం చిన్నప్పుడు రాకెట్ వెళ్తోందంటే మేడ ఎక్కేవాళ్ళం. సూళ్ళూరుపేట నుంచి పులికాట్ మీదుగా బడి బస్సులో వెళ్ళి ఫ్లెమింగోలనీ చూశాం, స్పేస్ మ్యూజియాన్నీ చూశాం. ఎస్‌ఎల్‌వీ-3 తేదీ (1980 జులై 18) ఇప్పటికీ నోటికొచ్చు. యానాది అన్న మాట ఆ రోజు ఎవరి నోటా వినలేదు. మా ఊళ్ళో ఎలుకలు పట్టడానికి పిలిచేవాళ్ళనే తప్ప వాళ్ళది ఒక దీవి అని పెద్దయ్యేదాకా తెలియదు. తుంబాలో చెప్పుకోడానికి చర్చి గోడలైనా మిగిలాయి. తాటాకు గుడిసెలు మ్యూజియం అవ్వవు.

తుంబా నుంచి కోవళం వెళ్ళేసరికి సూర్యుడు దిగిపోతున్నాడు. అక్కడ నలభై నిమిషాలు, టీ, ఫొటోలు. సారాభాయ్ చనిపోయింది ఇక్కడే, 1971 డిసెంబర్ 30న, కోవళంలోని ఒక హోటల్ గదిలో, యాభై రెండేళ్ళ వయసులో. గైడు ఈ సంగతి చెప్పలేదు, బహుశా సెలవు సాయంత్రం చావు మాట ఎందుకనేమో. పిన్ని నీళ్ళలో చెప్పులు పట్టుకుని నిలబడి పడవలు లాగుతున్నవాళ్ళనే చూస్తోంది.

తుంబాలో ఇప్పటికీ రాకెట్లు ఎగురుతున్నాయి. చిన్నవే, వాతావరణం కొలవడానికి. 2022 నవంబర్ 23న ఆర్‌హెచ్-200 వరసగా రెండువందలోసారి విఫలం కాకుండా ఎగిరింది. ప్రయోగం ఉన్న రోజుల్లో జాలర్లకి ముందుగా ప్రకటన వస్తుంది: ఫలానా సమయానికి ఆ వైపు సముద్రంలోకి వెళ్ళవద్దని.