మనిషిని కొలిచే కొలబద్ద ఎవరిది?

అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒక ప్రశ్నాపత్రం ఇచ్చి నింపమన్నారు. అడిగింది పని గురించి కాదు, నా స్వభావం గురించి. నా గొప్ప నేనే చెప్పుకుంటానా? పై అధికారితో విభేదిస్తే మొహం మీదే అనేస్తానా? "లేదు, లేదు" అని గీతలు పెట్టుకుంటూ పోయాను. "ఆత్మవిశ్వాసం తక్కువ" అని తేల్చారు. మా ఇంట్లో దాన్నే అణకువ అనేవారు! ఆ రోజు చిన్నబుచ్చుకున్నాను కానీ, ఈ కొలతలు ఎక్కడ పుట్టాయో వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

మనుషుల గుణాల్లో ముఖ్యమైనవన్నీ భాషలో మాటలుగా ఉంటాయని పండితుల నమ్మకం. 1884లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ అలాంటి మాటలు సుమారు 1000 ఉంటాయని లెక్కకట్టాడు. 1936లో అమెరికాలో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ వెబ్‌స్టర్ నిఘంటువులోంచి దాదాపు 18,000 ఏరారు. తరవాతివాళ్ళు వడగట్టగా వడగట్టగా అయిదు మూలగుణాలు తేలాయి. అయితే మొదట వడగట్టినవి ఇంగ్లీషు మాటలే కదా!

ఇంకో కథ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో తయారై 1943లో అచ్చయిన ప్రశ్నావళిది. అందులో "మామూలు మనిషి"కి ప్రమాణం ఆ చుట్టుపక్కల కొన్ని వందలమంది తెల్లవారు. హాంకాంగ్‌లో ఫానీ చుంగ్ దాన్ని చైనీస్‌లోకి తెచ్చి చూస్తే, ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా కుంగుబాటు లెక్క ఎక్కువ వచ్చింది. తేడా మనుషుల్లో కాదు, కొలబద్దలో ఉందన్నమాట. ఆమె, సహచరులు చైనీయుల జీవితంలోంచే ప్రశ్నలు ఏరి సొంత కొలత తయారుచేసి 1996లో ప్రకటించారు. నలుగురితో సామరస్యం, పరువు, ఇచ్చిపుచ్చుకోవడం కలిసిన ఒక గుణం అందులో బయటపడింది. అది ఆ అయిదింటిలో సరిగ్గా ఇమడలేదు. 2013లో బొలీవియా అడవుల్లోని చిమానే ప్రజల్లో 632 మందిని పరిశీలిస్తే, అసలు ఆ అయిదు గుణాలే స్పష్టంగా కనిపించలేదు.

కొలతలన్నీ దండగ అనను. పుట్టినచోట అవి పనికొస్తాయి. మరోచోటికి తీసుకెళ్ళేముందు సరిచూసుకోవాలి, అంతే.

మన "మొహమాటం"కి ఇంగ్లీషులో సరైన మాట నాకు ఇప్పటికీ దొరకలేదు. మాటే లేని గుణానికి ప్రశ్న ఎక్కడినుంచి వస్తుంది? మొన్న మా అమ్మాయి స్కూలు రిపోర్టులో "క్లాసులో నోరు విప్పదు" అని రాశారు. నేను కంగారుపడలేదు. "ఏమ్మా, ఎందుకు మాట్లాడవు?" అన్నాను. "వాళ్ళు చెప్పేది పూర్తికానీ నాన్నా" అంది.