ప్రచార ప్రకటనలో అంబేడ్కర్ బొమ్మ: మనం ఏం అడగాలి?

ఎన్నికల ప్రకటనల్లో తరచూ కనిపించే ఎత్తుగడలు మూడు.

అరువు గౌరవం: బాబాసాహెబ్ చిత్రం పక్కన నాయకుడి ఫొటో పెడతారు. ఆయన మీద మనకున్న నమ్మకాన్ని నాయకుడి ఖాతాలో వేసుకుంటారు.

భయం: ‘వాళ్లొస్తే మీ పింఛను పోతుంది’ అంటారు. హక్కును దయగా మార్చేస్తారు.

మంద ఒత్తిడి: ‘వాడంతా మావైపే’ అంటారు. కాదన్నవాళ్లను ఒంటరిని చేస్తారు.

చట్టం కొంతవరకే ఆపుతుంది. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 123(3) ప్రకారం కులం పేరుతో ఓటు అడగడం అక్రమం. అభ్యర్థి కులమే కాదు, ఓటరు కులం పేరు చెప్పినా తప్పేనని 2017 జనవరి 2న అభిరామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 4–3 మెజారిటీతో తేల్చింది. జెమినీ టీవీ కేసులో 2004 ఏప్రిల్ 13న అదే కోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో టీవీ రాజకీయ ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ తప్పనిసరైంది. అయితే అరువు గౌరవాన్ని ఈ నిబంధనలేవీ పట్టుకోలేవు.

ఒక తేడా మరవద్దు. కులం చూపి ఓటడగడం వేరు, కుల వివక్షను ఎండగట్టడం వేరు. రెండోది మన హక్కు.

అందుకే బొమ్మ పెట్టిన ప్రతి పార్టీనీ అడుగుదాం: 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది కదా, మీ పాలనలో ఎస్సీ నిధులు ఎంత కేటాయించారు? ఎంత ఖర్చుపెట్టారు? ఎంత దారి మళ్లించారు?