అట్టయు గ్రంథభాగమే

2008 మార్చిలో విమానాశ్రయమునకు నెలవైన నాటినుండి శంషాబాదు పేరు దేశదేశముల వినబడుచున్నది గాని, అందలి 'శంస్' అను అరబ్బీ పదమునకు సూర్యుడని అర్థమనియు, నిజాముల కొలువున 'పైగా' అను వంశపు ప్రభువులు వహించిన 'శంసుల్ ఉమరా' బిరుదమునుండి ఈ ఊరికి ఆ పేరు కలిగినదనియు ఎరిగినవారు అరుదు. ఆ బిరుదు దాల్చిన ఫక్రుద్దీన్ ఖాన్ పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధముననే శిలాముద్రణాలయము నెలకొల్పి, పాశ్చాత్య శాస్త్రగ్రంథములను ఉర్దూలో వ్రాయించి ప్రకటించిన విద్యాప్రియుడు.

ఆ 'శంస్' నుండి పుట్టినదే 'శంసా'. వ్రాతప్రతి మొదటి పుటపై బంగారునీటితోను లాజవర్దు నీలముతోను చిత్రకారులు తీర్చు సూర్యబింబమున కది పేరు. అట్టి బింబములు గల అరబ్బీ పారసీక గ్రంథములకు భాగ్యనగరము పెన్నిధి. 1891లో వెలసిన ఆసఫియా గ్రంథాలయపు వ్రాతప్రతులు నేడు ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున నున్నవి. 1951లో తెరువబడిన సాలార్జంగ్ మ్యూజియమున జహంగీరు, షాజహాను, ఔరంగజేబుల సంతకములు గల ఖురాను ప్రతి కలదు.

ఈ గ్రంథములకు కవచము 'జిల్దు'. ఆ మాటకు అరబ్బీలో చర్మమనియే అర్థము. వెనుక అట్టనుండి సాగి, పుటల అంచును కప్పి, ముందరి అట్ట క్రిందికి దూరు తోలురెక్క దీని ప్రత్యేకత. అట్టలు కాగితపు అంచులను దాటి రావు గనుక, ఇట్టి గ్రంథమును నిలువబెట్టక పరుండబెట్టుట పూర్వుల మర్యాద.

ఇంతటి కవచమునకును శత్రువులు పెక్కురు. పురుగు సోకకుండ కొందరు లేఖకులు మొదటి పుటపై 'యా కబీకజ్' అని రక్షామంత్రము వ్రాసికొనిరి. పుటచుట్టును గీసిన రాగిపచ్చ గీత కాలక్రమమున కాగితమును తినివేయగా, వ్రాత నిలిచిన మధ్యభాగము చట్రమునుండి ఊడి చేతిలోనికి వచ్చును. తేమయు వరదయు మరి రెండు వైరులు. 1908 సెప్టెంబరు 28న మూసీనది నగరమును ముంచెత్తినది.

ఇట్లు చెడిన గ్రంథమును మరమ్మతు చేయువాడు తొలుత మెత్తని కుంచెతో ధూళి తుడిచి, పుటల వరుస గుర్తించి, సిరా నీటికి కరుగునో లేదో ఒక మూల బిందువంత తడితో పరీక్షించి, అటుపిమ్మట పలుచని జపాను కాగితమును గోధుమగంజితో చినుగుపై అతికించును. వేసిన అతుకును రేపొకడు పుటకు హాని లేకుండ విప్పగలుగవలెనన్నది ఈ విద్యకు మూలసూత్రము. ఈ సూత్రము మరచి, శిథిలమైన జిల్దును పారవైచి, తోలురెక్క లేని కొత్త అట్టలు కుట్టి, అంచులు కోసివేసిన గ్రంథాలయములు లోకమున పెక్కు. దానితో కుట్టు పద్ధతియు, అంచులపై యజమానులు వ్రాసికొన్న మాటలును శాశ్వతముగా నశించినవి. అట్టయు గ్రంథభాగమే, దానిని పోగొట్టుట చరిత్రను పోగొట్టుటయే.

కావున, తాతలనాటి వ్రాతపుస్తకము ఇంట నున్నవారు, అది ఏ భాషలోనిదైనను సరే, దానికి టేపు అంటింపక, ప్లాస్టిక్కు పొర తొడుగక, ఊడిన అట్టనుగూడ జతచేసి మెత్తని నూలుగుడ్డలో చుట్టి, తడి తగులని చోట పరుండబెట్టి, తెలిసిన వారి చేతికి అప్పగింపవలసినదిగా ప్రార్థించుచున్నాను.