మడ్‌గార్డు కోసుకుని దక్షిణ ధ్రువానికి

2010 నవంబర్ 13. అంటార్కిటికాలో మన దేశ స్థావరం మైత్రి నుంచి నాలుగు టయోటా హైలక్స్ బళ్లు బయల్దేరాయి. ముక్కు తిప్పింది దక్షిణ ధ్రువం వైపు. పటం మీద నేరుగా గీత గీసినా 2,100 కిలోమీటర్లకు పైమాటే. రోడ్డు లేదు, మైలురాయి లేదు, పెట్రోలు బంకు మాట అసలే లేదు. బృందంలో ఎనిమిది మంది. నాయకుడు రసిక్ రవీంద్ర, గోవాలోని జాతీయ అంటార్కిటిక్, మహాసముద్ర పరిశోధన కేంద్రానికి అప్పటి సంచాలకుడు. మన దేశం తరఫున ధ్రువానికి వెళ్లిన తొలి శాస్త్ర బృందం అది.

ఆ బళ్ల పక్కన నిలబడితే ముందు కంటపడేవి చక్రాలే. మామూలు హైలక్స్ టైరు ఎత్తు 30 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. వీటికి వేసినవి 44 అంగుళాలవి, అంటే 112 సెంటీమీటర్లు. ఐదో తరగతి పిల్లాణ్ని పక్కన నిలబెడితే భుజం దాకా వస్తాయి. ధ్రువం మీద జెండా పాతిన ఫొటో చాలామంది చూశారు. అంతంత చక్రాలు ఆ బండి కింద ఎలా ఇమిడాయన్నది ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు. నా దృష్టిలో అసలు సాహసం అక్కడే మొదలైంది, మంచులో కాదు, ఐస్‌లాండ్‌లో ఒక షెడ్డులో, గ్రైండరు చప్పుడు మధ్య.

ఐస్‌లాండ్ వాళ్లకు ఈ పెద్ద చక్రాల పిచ్చి ఊరికే పట్టలేదు. దేశంలో పదో వంతు హిమానీనదాలే. మంచులో ఎవరైనా చిక్కుకుంటే వెతికి తెచ్చేది ఊరూరా ఉండే స్వచ్ఛంద రక్షక దళాలు. మామూలు జీపు మెత్తటి మంచులోకి దిగితే నాలుగు గజాలు పోయి కూరుకుపోతుంది. 1980ల నాటికి వాళ్లు కనిపెట్టిన కిటుకు ఒకటే. పెద్ద టైరు వేయి, అందులో గాలి తీసేయి.

లెక్క చూడండి. రెండున్నర టన్నుల బండి అనుకుందాం. ఒక్కో చక్రం మీద 625 కిలోలు. మన పంక్చర్ షాపులో ‘30 కొట్టు’ అంటామే, ఆ ఒత్తిడిలో ఒక చదరపు సెంటీమీటరు మీద దాదాపు 2.1 కిలోల భారం పడుతుంది. అంటే టైరు నేలను తాకేది 300 చదరపు సెంటీమీటర్లు, జెరాక్స్ కాగితంలో సగం. అదే గాలి 3కి దించితే 3,000 చదరపు సెంటీమీటర్లు, అయిదు కాగితాలు పక్కపక్కన పరిచినంత. టైరు గోడ బిగువు కొంత బరువు మోస్తుంది కాబట్టి నిజంగా అంత రాదు. అయినా బండి మంచులో దిగబడకుండా పైపైన తేలిపోవడానికి చాలు. చిన్న టైరులో ఇంత గాలి తీస్తే రిమ్ము నేలకు కొట్టుకుంటుంది. అందుకే పెద్దది కావాలి.

1990లో అక్కడి టయోటా డీలరు దగ్గర ఒక విభాగంగా పుట్టిన ‘ఆర్కిటిక్ ట్రక్స్’ ఈ విద్యను వ్యాపారం చేసింది. 2007 మే నెలలో బీబీసీ ‘టాప్ గేర్’ వాళ్లు ఉత్తర అయస్కాంత ధ్రువం 1996లో ఉన్న చోటికి కారులో వెళ్లి ప్రపంచాన్ని నోరెళ్లబెట్టించారు కదా, ఆ హైలక్స్ చేసిందీ వీళ్లే. దానికి 38 అంగుళాలు సరిపోయాయి. అంటార్కిటికాకు 44.

ఇక షెడ్డులోకి వెళ్దాం. ఆ పనికి సాక్షిని కాను. ఈ పని ఎక్కడ చేసినా నడిచే క్రమాన్ని బట్టి కడుతున్న దృశ్యం ఇది.

కొత్త బండి. రంగు మీద గీత కూడా పడలేదు. మేస్త్రి ముందు బంపరు ఊడదీశాడు. మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ డొప్ప తీశాడు. అద్దం కడిగే నీళ్ల డబ్బా, దాని వెనక వైర్ల కట్ట, అన్నీ పక్కకు జరిపాడు. తర్వాత స్ప్రింగులు విప్పేశాడు. చూసేవాడికి ఇది వింతగా ఉంటుంది. పెద్ద చక్రం బండి నిలబడి ఉన్నప్పుడు ఎక్కడా తగలదు. గుంతలో పడి చక్రం పూర్తిగా పైకి లేచినప్పుడు, అదే క్షణాన స్టీరింగు కూడా చివరిదాకా తిరిగి ఉన్నప్పుడు తగులుతుంది. స్ప్రింగు ఉంటే చక్రాన్ని అంత పైకి నెట్టడం చేతనయ్యే పని కాదు. స్ప్రింగు తీసి, జాకీతో చక్రాన్ని గూట్లోకి ఎక్కిస్తే, జరగబోయే ప్రమాదాన్ని షెడ్డులోనే కళ్లారా చూడొచ్చు.

స్టీరింగు ఎడమకు తిప్పారు. ఒక చోట ఆగింది. సుద్దముక్కతో గీత. కుడికి తిప్పారు. ఇంకో గీత.

మొదట అడ్డొచ్చేది అందరూ అనుకునే పై అంచు కాదు. మడ్‌గార్డు వెనక భాగం, తలుపు ముందు, డ్రైవరు పాదాలుండే గోడ. అక్కడ రెండు రేకుల అంచులు కలిపి చుక్కలు చుక్కలుగా వెల్డింగ్ చేసిన అతుకు ఒకటి కత్తి అంచులా బయటికి పొడుచుకొని ఉంటుంది. దానికి రాసుకుంటే టైరు గోడ చీలిపోతుంది. చిన్న తేడా అయితే సుత్తితో ఆ అతుకును వెనక్కి మడిచేస్తారు. 44 అంగుళాలకు సుత్తి పని సరిపోదు. అతుకు కోసేయాలి, గోడ లోపలికి జరిపి కొత్త రేకు వేయాలి, చుట్టూ గాలి దూరకుండా వెల్డింగ్ పట్టాలి. చక్రం మరీ పెద్దదైతే తలుపు కింది మూలకూ కోత తప్పదు, మళ్లీ తలుపు సరిగ్గా పడేలా అంచు కట్టాలి.

బండిని పైకి లేపితే పోలా అని అడిగేవాళ్లు ఉంటారు. మన దగ్గర జీపులకు చాలామంది చేయించేది అదే. ఛాసిస్‌కు, బాడీకి మధ్య దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచేస్తారు, కోత బాధ ఉండదు. కానీ చక్రం మారినందుకే బండి 18 సెంటీమీటర్లు లేస్తుంది. ఆ పైన మళ్లీ లేపితే బరువంతా నెత్తికెక్కి, పక్కవాలు మీద బండి దొర్లుతుంది. చొక్కా చంక దగ్గర పట్టేస్తే మంచి దర్జీ పొడవు పెంచడు, చంక విప్పి గుడ్డ వదులుతాడు. ఐస్‌లాండ్ మేస్త్రిదీ అదే పద్ధతి. ఎత్తు వీలైనంత తక్కువ, కోత అవసరమైనంత ఎక్కువ.

వెనక చక్రాల దగ్గర పని ఇంకా ఓపిక అడుగుతుంది. అక్కడ బాడీ రెండు పొరలు, బయటి రేకు, లోపలి రేకు, మధ్యలో బోలు. గుండ్రంగా కోయగానే రెండు పొరల మధ్య సందు నోరు తెరుస్తుంది. దాన్నలా వదిలేస్తే రోడ్డు మీద చల్లిన ఉప్పు, నీళ్లు చేరి రెండు శీతాకాలాల్లో బాడీ తుప్పు తినేస్తుంది. అందుకని లోపలి రేకును వేలెడంత వెడల్పు ముక్కలుగా చీల్చి, ఒక్కోటీ బయటి రేకు మీదికి వంచి, కలిపి అతుకుతారు. వరసగా వెల్డింగ్ లాగితే వేడికి బయటి రేకు వంకర్లు పోతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మళ్లీ రావాలి. ఆపైన గ్రైండింగ్, ప్రైమరు, అతుకుల్లో సీలెంటు, అడుగున తారు పూత. టింకరింగ్ షెడ్డులో పనిచేసినవాడికి తెలుసు, కోయడం ఒక పూట పని, కోసింది కనపడకుండా చేయడమే రోజుల పని.

ఆ మీద ఫైబర్‌గ్లాసుతో పోత పోసిన వెడల్పాటి రెక్కలు బిగిస్తారు. అలంకారం కోసం కాదు. టైరు బాడీ బయటికి పొడుచుకొని ఉంటే అది విసిరే రాళ్లు, మంచు వెనక వచ్చేవాడి అద్దం మీదే పడతాయి. ఐస్‌లాండ్‌లో ఇలా మార్చిన బండికి ప్రత్యేక తనిఖీ ఉంటుంది. అందులో నెగ్గితే రోడ్డు మీద దర్జాగా తిరగొచ్చు. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం. తయారీదారు ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్చిన బండికి రిజిస్ట్రేషన్ కుదరదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆదివారం అడవి దారులు పట్టే మన కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

బాడీ అయ్యాక ఇంజను ఏడుస్తుంది. చక్రం ఒకటిన్నర రెట్లయితే ఇరుసు ఒక్క చుట్టుకి బండి ఒకటిన్నర రెట్లు దూరం పోవాలి, లాగే బలం ఆ మేరకు పడిపోతుంది. కాబట్టి డిఫరెన్షియల్‌లో క్రౌన్, పీనియన్ మార్చాలి. స్పీడోమీటరు సరిచేయకపోతే 60 చూపించే బండి నిజానికి 88లో పోతుంటుంది.

ఇంత చేశాక మైత్రి దగ్గర మంచులో నిలబడ్డాయి ఆ బళ్లు. ఆ ఖండంలో యంత్రాలకు అంత మంచి పేరేమీ లేదు. బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ 1911లో తెచ్చిన మూడు మోటారు స్లెడ్జీల్లో ఒకటి దించుతుండగానే మంచు విరిగి సముద్రం పాలైంది, మిగతా రెండూ దారిలో చెడిపోయాయి. 1958 జనవరిలో ఎవరెస్టు ఎక్కిన హిల్లరీ ఫెర్గూసన్ ట్రాక్టర్ల చక్రాలకు గొలుసుపట్టాలు తొడిగి ధ్రువం చేరాడు. ఉత్త రబ్బరు చక్రాల మీద వెళ్లడమంటే గాలిని నమ్ముకుని వెళ్లడమే.

దారంతా గాలి చెక్కిన గట్టి మంచు గట్లు, దుక్కి దున్ని ఎండబెట్టినట్టు. వాటిమీద చక్రం లేచి పడుతుంటే షెడ్డులో స్ప్రింగులు విప్పి చూసిన ఆ క్షణం గంటకు వందసార్లు ఎదురవుతుంది. మెత్తటి చోట గాలి దించాలి, గట్టి చోట ఎక్కించాలి. గాలి మరీ తక్కువైతే టైరు రిమ్ము మీద నుంచి జారిపోతుంది. చలికి డీజిలు గడ్డకడుతుంది కాబట్టి ఇలాంటి బళ్లలో విమాన ఇంధనం పోస్తారు. ఇక చక్రం విసిరే మంచు మడ్‌గార్డు గూట్లో చేరి, పొర మీద పొర పేరుకుని, రాయిలా బిగుసుకుంటుంది. అంత కోత కోసి సంపాదించిన సందును అది మింగేస్తుంది. బండి ఆగినప్పుడల్లా సుత్తి పట్టుకుని కిందికి దూరి ఆ గడ్డలు రాలగొట్టాల్సిందే.

దారిలో శాస్త్రవేత్తలు మంచు నమూనాలు తీశారు, పరికరాలతో కొలతలు పట్టారు. నవంబర్ 22న, బయల్దేరిన పదో రోజున, సముద్ర మట్టానికి 2,835 మీటర్ల ఎత్తున ఉన్న దక్షిణ ధ్రువం మీద మువ్వన్నెల జెండా ఎగిరింది. దిగిరావడానికి వేరే దారి లేదు. అవే గట్లు, అవే చక్రాలు. డిసెంబర్ 1న మైత్రికి తిరిగి చేరారు.