డార్క్ ఎనర్జీ నిజంగా ఉందా.. గ్రావిటీ లెక్కే తప్పా? 1.7 సెకన్ల తేడాతో కుప్పకూలిన థియరీలు!

విశ్వం వ్యాపిస్తోంది. ఆ వ్యాప్తి వేగం కూడా పెరుగుతూ పోతోంది. ఎందుకు పెరుగుతోందంటే సైంటిస్టులు చెప్పే పేరు డార్క్ ఎనర్జీ. అయితే అలాంటి శక్తి ఏదీ లేదని, ఐన్‌స్టీన్ ఇచ్చిన గ్రావిటీ సూత్రాన్నే పెద్ద దూరాల దగ్గర సవరించాలని వాదించే వర్గం కూడా ఉంది. వాళ్ల థియరీల్లో చాలావాటికి 2017 ఆగస్టు 17న గట్టి దెబ్బ తగిలింది. ఆ రోజు ఏం జరిగింది? ఇప్పుడు ఈ గొడవ ఎక్కడిదాకా వచ్చింది?

అసలు డార్క్ ఎనర్జీ అంటే ఏంటి?

1998కి ముందు అందరి అంచనా ఒక్కటే. పైకి విసిరిన బంతి నెమ్మదించినట్టు, గెలాక్సీల మధ్య ఆకర్షణ వల్ల విశ్వం వ్యాప్తి కూడా నెమ్మదిస్తూ ఉండాలి. ఎంత నెమ్మదిస్తోందో కొలుద్దామని రెండు టీమ్‌లు రంగంలోకి దిగాయి. ఒకదానికి సాల్ పెర్ల్‌మట్టర్ లీడర్. రెండో టీమ్‌లో బ్రయాన్ ష్మిట్, ఆడమ్ రీస్ ఉన్నారు. ఒక రకం సూపర్నోవాలు దాదాపు ఒకే స్థాయి వెలుగుతో పేలతాయి. ఒకే వాట్స్ ఉన్న బల్బుల్లాంటివన్నమాట. ఎంత మసకగా కనిపిస్తే అంత దూరంలో ఉన్నట్టు లెక్క. తీరా చూస్తే అవి అనుకున్నదానికంటే మసకగా ఉన్నాయి. అంటే వ్యాప్తి నెమ్మదించడం కాదు, జోరందుకుంది. ఈ ముగ్గురికీ 2011లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ చాలామంది కన్‌ఫ్యూజ్ అవుతుంటారు. డార్క్ మ్యాటర్ వేరు, డార్క్ ఎనర్జీ వేరు. మొదటిది గెలాక్సీలను కలిపి పట్టి ఉంచుతుంది, రెండోది విశ్వం వ్యాప్తిని తోస్తుంది. ఇప్పుడున్న లెక్కల ప్రకారం విశ్వంలో డార్క్ ఎనర్జీ 68 శాతం, డార్క్ మ్యాటర్ 27 శాతం. మనం, నక్షత్రాలు, గ్రహాలు అన్నీ కలిపితే 5 శాతమే.

ఐన్‌స్టీన్ 1917లోనే తన సమీకరణంలో ఒక స్థిరాంకం చేర్చారు. ఖాళీ ప్రదేశానికి కూడా కొంత శక్తి ఉంటుందని ఇప్పుడు దానికి అర్థం చెబుతున్నారు. డార్క్ ఎనర్జీకి అన్నింటికంటే సింపుల్ వివరణ ఇదే. చిక్కేంటంటే, క్వాంటమ్ థియరీతో ఆ శక్తిని మామూలుగా లెక్కిస్తే వచ్చే విలువ, కొలిచిన దానికంటే దాదాపు 1 పక్కన 120 సున్నాలంత ఎక్కువ. ఇంత దారుణంగా తప్పిన లెక్క ఫిజిక్స్‌లో మరొకటి కనిపించదు. గ్రావిటీని మార్చాలన్న ఆలోచనకు బలం వచ్చింది కూడా ఇందుకే.

ఇదేమీ కొత్త గొడవ కాదు

యురేనస్ నడక లెక్కకు అందకపోతే, బయట ఎవరికీ కనిపించని గ్రహం ఏదో దాన్ని లాగుతోందని ఫ్రాన్స్‌కు చెందిన లె వెరియే చెప్పారు. 1846లో ఆయన చెప్పిన చోటే నెప్ట్యూన్ దొరికింది. తర్వాత బుధుడి కక్ష్యలో తేడా కనిపిస్తే, అక్కడా అదే మంత్రం వేశారు. సూర్యుడి దగ్గర వల్కన్ అనే గ్రహం ఉండి ఉండాలన్నారు. ఏళ్ల తరబడి వెతికినా అది దొరకలేదు. ఎందుకంటే అక్కడ తప్పింది న్యూటన్ గ్రావిటీనే. శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల ఆ చిన్న తేడాను 1915లో ఐన్‌స్టీన్ కొత్త సిద్ధాంతం సరిగ్గా లెక్క కట్టింది.

మరి డార్క్ ఎనర్జీ నెప్ట్యూనా, వల్కనా? అసలు ప్రశ్న ఇదే.

గ్రావిటీని ఎలా మారుస్తారు?

ఎక్కువ థియరీల్లో ఐన్‌స్టీన్ గ్రావిటీకి తోడుగా విశ్వమంతా పరచుకున్న ఒక కొత్త ఫీల్డ్‌ను చేరుస్తారు. ఇలాంటివి ఎన్ని రకాలుగా రాయొచ్చో 1974లోనే గ్రెగరీ హార్న్‌డెస్కీ ఒక పేపర్‌లో తేల్చేశారు. దాన్ని చాలా ఏళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆయనేమో ఫిజిక్స్ వదిలి పెయింటింగ్స్ వేసుకుంటూ వెళ్లిపోయారు!

అయితే ఒక ఇబ్బంది ఉంది. సౌర కుటుంబంలో ఐన్‌స్టీన్ లెక్కలు చాలా కచ్చితంగా సరిపోతున్నాయి. కాబట్టి కొత్త ఫీల్డ్ ఇక్కడ కనిపించకూడదు, దూరాన మాత్రం పనిచేయాలి. అందుకే పదార్థం దట్టంగా ఉన్నచోట ఆ ఫీల్డ్ దాక్కునేలా థియరీలు రాశారు. వాటిలో ఒకదానికి ఊసరవెల్లి అనే అర్థం వచ్చేలా కెమీలియన్ అని పేరే పెట్టేశారు.

ఆ 1.7 సెకన్లలో ఏం జరిగింది?

2017 ఆగస్టు 17, మన టైమ్ ప్రకారం సాయంత్రం 6 గంటల 11 నిమిషాలు. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలను లైగో, వర్గో డిటెక్టర్లు పట్టుకున్నాయి. సరిగ్గా 1.7 సెకన్ల తర్వాత ఫెర్మీ శాటిలైట్‌కు గామా కిరణాల మెరుపు అందింది. 11 గంటల్లోపే చిలీలోని స్వోప్ టెలిస్కోప్ ఆ వెలుగు ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీ నుంచి వస్తోందని కనిపెట్టింది. ఆ గెలాక్సీ దూరం సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు.

అంటే భూమ్మీద డైనోసార్లు తిరుగుతున్నప్పుడు బయల్దేరిన రెండు సిగ్నళ్లు, 13 కోట్ల ఏళ్లు ప్రయాణించి, 2 సెకన్లలోపు తేడాతో చేరాయి. ఆ కాస్త తేడా కూడా ఢీకొన్న తర్వాత మెరుపు పుట్టడానికి పట్టిన టైమ్ కావచ్చు. దీన్నిబట్టి కాంతి వేగానికీ గురుత్వ తరంగాల వేగానికీ తేడా ఉన్నా, అది సుమారు 10 కోటి కోట్లలో ఒక వంతుకు మించదని తేలింది.

హార్న్‌డెస్కీ కుటుంబంలోని చాలా థియరీల్లో గురుత్వ తరంగాల వేగం కాంతి వేగంతో సమానంగా ఉండదు. కొన్నింటిలో ఆ తేడా బాగా ఎక్కువే. ఆ డిసెంబర్‌లోనే ఫిజికల్ రివ్యూ లెటర్స్ జర్నల్‌లో వరుసగా పేపర్లు వచ్చాయి. వ్యాప్తి జోరును వివరించడానికి పుట్టిన గెలీలియన్ థియరీల్లో కీలకమైనవి లిస్టులోంచి ఎగిరిపోయాయి. డార్క్ మ్యాటర్ అవసరం లేకుండా చేద్దామని 2004లో బెకెన్‌స్టీన్ ప్రతిపాదించిన టెవెస్ థియరీ కూడా, మొదట రాసిన రూపంలో, నిలబడలేదు. వందల పేపర్ల శ్రమ ఒక్క సాయంత్రంతో పక్కకు పోయిందంటే అతిశయోక్తి కాదు.

మరి ఇంకా ఎవరు మిగిలారు?

అన్నీ పోలేదు. గురుత్వ తరంగాల వేగం మారని థియరీలు బతికే ఉన్నాయి. ఎఫ్ ఆఫ్ ఆర్ అని పిలిచే రకం వాటిలో ఒకటి. కాకపోతే వాటికి వేరే పరీక్షలు ఎదురవుతున్నాయి. గ్రావిటీ మారితే గెలాక్సీలు గుమిగూడే వేగం కూడా మారాలి. అమెరికా అరిజోనాలోని డెసీ ప్రాజెక్ట్ దాదాపు 60 లక్షల గెలాక్సీలు, క్వేజార్లతో దీన్ని చెక్ చేసింది. 2024 నవంబర్‌లో బయటపెట్టిన ఫలితాల్లో ఐన్‌స్టీన్ లెక్కే సరిపోయింది.

ఇక్కడే ట్విస్ట్. అదే డెసీ 2025 మార్చిలో దాదాపు 1.5 కోట్ల గెలాక్సీలు, క్వేజార్ల మ్యాప్‌తో మరో మాట చెప్పింది. డార్క్ ఎనర్జీ స్థిరంగా లేదని, కాలంతో పాటు బలహీనపడుతూ ఉండొచ్చని! ఇతర డేటాతో కలిపి చూస్తే ఈ సంకేతం బలం 2.8 నుంచి 4.2 సిగ్మా వరకు ఉంది. కనిపెట్టామని ప్రకటించాలంటే 5 సిగ్మా కావాలి. కాబట్టి ఐన్‌స్టీన్ తప్పని తేలిపోయిందంటూ సోషల్ మీడియాలో తిరిగే వీడియోలను ఇప్పుడే నమ్మక్కర్లేదు. కానీ ఈ సంకేతం నిలబడితే మాత్రం 1917 నాటి స్థిరాంకం ఒక్కటే సరిపోదు. అప్పుడు మారే డార్క్ ఎనర్జీ కావాలి, లేదా మళ్లీ గ్రావిటీ వైపే చూడాలి.

ఇలాంటి పరీక్షల్లో మన దేశానికీ చోటు దక్కబోతోంది. మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో ఇండియా డిటెక్టర్ నిర్మాణానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఓకే చెప్పింది. బడ్జెట్ సుమారు 2,600 కోట్ల రూపాయలు. ప్రపంచంలో ఈ మూల కూడా ఒక డిటెక్టర్ ఉంటే, తరంగాలు ఆకాశంలో ఏ దిక్కు నుంచి వచ్చాయో ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. టెలిస్కోప్‌లను త్వరగా అటు తిప్పొచ్చు.