సీనా, భీమా నదుల్లో గాలం వేయడానికి ఎక్కడ దిగాలి, ఎలా దిగాలి

సెలవు రోజు తెల్లవారితే చాలు, పూర్వభాగ్ పేటల నుంచి గాలపు కర్రలు కట్టుకున్న బైకులు బయలుదేరుతున్నాయి. వారమంతా సాంచాల మోతలో ఉండేవాళ్లకు నది ఒడ్డు ఒక ఊరట. దాన్ని మేము కాదనము. అయితే మా పెద్దలు ఒడ్డున కూర్చొని గాలం వేసేవాళ్లు. ఇప్పటి పిల్లలు ఫోన్లలో కాశ్మీర్ ట్రౌట్ వేట చూసి, అలాగే నడుము లోతు నీళ్లలో నిలబడాలనుకుంటున్నారు. గత వేసవిలో మన పేట కుర్రాడొకడు సీనాలో మోకాలి లోతున నిలబడి, ఇంకొక్క అడుగు వేసి ఇసుక గుంతలో మునిగిపోయాడు. వెంట ఉన్న ఇద్దరికీ ఈత రాదు. ట్యూబు మీద వల వేస్తున్న జాలరి ఒకాయన చూసి లాగబట్టి బతికాడు. అందుకే తెలిసిన సంగతులన్నీ ఒకచోట రాస్తున్నాము.

ట్రౌట్ వేరు, మన చేప వేరు

ట్రౌట్‌కు చల్లగా, తేటగా పారే నీళ్లు కావాలి. మన దేశంలో కాశ్మీర్, హిమాచల్ ఏర్లలో, దక్షిణాన నీలగిరి వంటి ఎత్తైన కొండల్లో ఉంటుంది. అక్కడ అడుగున గులకరాళ్లు పైకే కనిపిస్తాయి. మన నదుల్లో నల్లరేగడి కలిసిన నీళ్లు, మోకాలి కింద ఏముందో కనబడదు. దొరికేవి రవ్వ, బొచ్చె, వాలుగ, జెల్ల, పరిగెలు, చిలాపి. చిలాపి, పరిగెలు ఒడ్డు పక్కనే మేస్తాయి. వాటి కోసం లోతుకు పోవలసిన పనే లేదు.

నీళ్లు ఎప్పుడు పెరుగుతాయి

సోలాపూర్‌లో చుక్క వాన లేకపోయినా భీమా పొంగవచ్చు. నది భీమాశంకర్ దగ్గర సహ్యాద్రిలో పుడుతుంది. పుణే వైపు వానలన్నీ 1980లో పూర్తయిన ఉజని డ్యామ్‌లో చేరతాయి. దాని నిల్వ సుమారు 117 టీఎంసీలు. అది నిండితే తలుపులు ఎత్తుతారు. డ్యామ్ దిగువన నరసింగ్‌పూర్ దగ్గర నీరా నది కలుస్తుంది కాబట్టి వీర్ డ్యామ్ వదిలిన నీళ్లు కూడా వస్తాయి.

ఎండాకాలంలోనూ నిశ్చింత లేదు. మన నగరం తాగునీటి కోసం ఉజని నుంచి నదిలోకి నీళ్లు వదులుతారు. అవి టాకళీ దగ్గరికి చేరడానికి రోజులు పడుతుంది. వదిలిన వార్త మనం మరచిపోయాక నీళ్లు వస్తాయి. కాబట్టి బయలుదేరే ముందు మరాఠీ పేపర్లో ఉజని విసర్గ వార్త చూడండి. ఒడ్డుకు చేరగానే నీటి అంచున ఒక రాయి పెట్టండి. రాయి మునిగినా, నీటి రంగు మారినా, చెత్త తేలుతూ వచ్చినా వెంటనే పైకి రండి.

దిగదగిన చోటు

మంచి చోటంటే దిగడానికి వీలైనది కాదు, తిరిగి ఎక్కడానికి వీలైనది. పశువులు నీళ్లు తాగడానికి దిగే బాట చూడండి. అక్కడ ఒడ్డు వాలుగా, అడుగు గట్టిగా ఉంటుంది. కింది వైపు యాభై అడుగుల దాకా నడిచి చూడండి. కాలు జారి కొట్టుకుపోతే ఎక్కడానికి ఇంకొక చోటు ఉండాలి.

కొత్తవాళ్లు తుళజాపూర్ రోడ్డులోని హిప్పర్గా చెరువుతో మొదలుపెట్టడం మేలు. 1871లో పూర్తయిన ఏక్‌రుఖ్ చెరువు అదే. ప్రవాహపు లాగుడు ఉండదు. కట్ట రాళ్ల మీద పాచి ఉంటుంది, అక్కడ దిగవద్దు. మన తాగునీటి చెరువు కూడా కాబట్టి చెత్త వేయవద్దు.

దిగకూడని చోట్లు

ఇసుక తీసిన రేవులు: పైకి సమంగా కనిపించినా లోపల గుంతలుంటాయి. కొల్హాపురి బంధారాల కింద: నీళ్లు పడే చోట గుండం పడుతుంది, సుడి లోపలికి లాగుతుంది. వడకబాళ్ వంతెన లాంటి చోట్ల స్తంభాల పక్కన కూడా ఇదే కథ. గుర్రపుడెక్క కప్పిన నీళ్లు: కాళ్లకు చుట్టుకుంటుంది. హత్తర్‌సంగ్ కుడల్‌లో సీనా, భీమాలో కలుస్తుంది. సంగమంలో అడుగు ఎప్పుడూ మారుతూ ఉంటుంది. సంగమేశ్వరుడి దర్శనం చేసుకోండి, శక సంవత్సరం 940 నాటి మరాఠీ శాసనం చూడండి, నీళ్లలోకి మాత్రం దిగకండి. పండరిపురం ఘాట్లు, మన సిద్ధేశ్వర చెరువు భక్తుల చోట్లు, అక్కడ గాలం వద్దు.

దిగే పద్ధతి

లుంగీతో దిగవద్దు, తడిస్తే కాళ్లకు చుట్టుకుంటుంది. నిక్కరు, పాత కాన్వాస్ బూట్లు మేలు. భుజమెత్తు వెదురు కర్రతో ముందు అడుగు తడిమి, తర్వాతే కాలు వేయండి. ప్రవాహానికి పక్కగా నిలబడి కాళ్లు ఈడ్చుకుంటూ కదలండి. ఒక కాలు నిలదొక్కుకున్నాకే రెండోది. నీళ్లు మోకాలు దాటితే ఆగండి. ఒంటరిగా వద్దు, మందు తాగి అసలే వద్దు. వానాకాలమంతా ఒడ్డు మీది నుంచే వేయండి.

చెరువులు, డ్యామ్‌లలో చేపల హక్కు చాలాచోట్ల జాలరుల సహకార సంఘాలకు ఉంటుంది. ముందు వాళ్లను అడగండి. అనుమతితో పాటు ఆ వారం గుంత ఎక్కడ పడిందో కూడా చెబుతారు. ఆ మాట ఏ ఫోనులోనూ దొరకదు.

ఆపద వస్తే

కొట్టుకుపోతే ఎదురీదకండి. వెల్లకిలా తేలి, కాళ్లు ప్రవాహం వైపు పెట్టి, ఏటవాలుగా ఒడ్డుకు చేరండి. ఒడ్డున ఉన్నవాళ్లు దూకవద్దు. అరవై అడుగుల తాడు, దాని కొసకు మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల డబ్బా కట్టి ప్రతి బృందం వెంట తీసుకుపోవాలి. డబ్బా విసరండి, పట్టుకున్నాక లాగండి. 112కు ఫోన్ చేయండి.

తాడుకు మన ఇళ్లలో కొదవ లేదు. పిల్లలు గాలం సర్దుకునేటప్పుడు పెద్దలు ఆ తాడు కూడా సర్దారా అని అడగాలని మా మనవి.